పండని ఆకు

షామియానా వేయడానికి చోటు చూసుకుందామని కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మనుషులు చేను చూసి అలాగే నిలబడిపోయారు. వాళ్ళు వచ్చిన దారి పొడవునా ఎండి బూడిదరంగుకు తిరిగిన పొలాలే. ఆగస్టు తర్వాత ఆ చుట్టుపక్కల చినుకు పడలేదు. కొండమారుపల్లెలో హనుమక్క వేరుశనగ చేను మాత్రం ఇప్పుడే తడిసి ఆరినట్టు నిగనిగలాడుతోంది. సాళ్ళ మధ్య నేల కనబడడం లేదు.

"ఎవురిదమ్మా ఈ సేను?" అని అడిగాడు వాళ్ళలో ఒకతను.

"మా పాపది," అంది హనుమక్క గర్వంగా.

చేను హనుమక్కదే. పాప అని ఆమె పిలిచేది చెల్లెలు వనజాక్షిని.

వనజాక్షి మెట్టపంటల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. కొండమీద ఎంత ఎండ కాసినా వాడని బందారు చెట్ల ఆకుల్లో ఒక శిలీంధ్రం కాపురముంటుంది. దాన్ని ఆమె బయటికి తీసి, పెంచి, వేరుశనగ విత్తనానికి పట్టించింది. అది పైకి కనిపించదు. ఆకు లోపల కణానికీ కణానికీ నడుమ సన్నటి దారాల్లా అల్లుకుంటుంది. నీళ్ళు తగ్గగానే ఆకు రంధ్రాలను మూయించి, ఉన్న తడిని పోనివ్వకుండా కాస్తుంది. కొండమారుపల్లెలో పన్నెండు కుటుంబాలు ఆ విత్తనం వేశాయి. ఊళ్ళో దానికి వనజమ్మ మందు అని పేరు పడింది. పై వారం ఈ చేలోనే పెద్ద సభ. రాజధాని నుంచి అధికారులు వస్తున్నారు.

వాళ్ళ ముందు చెప్పడానికి మొక్కకు ఎన్ని కాయలున్నాయో చూసుకుందామని వనజాక్షి చేని నడిమికి వెళ్ళి ఒక మొక్క పీకింది. కాయలు గుత్తులుగా వచ్చాయి. ఆమెకు ఊపిరి తేలికైంది. ఒక కాయను బొటనవేలితో నొక్కింది.

అది ఉత్త డొప్పలా అణిగిపోయింది. లోపల గింజ లేదు. తడిగా ఒక పొర ఉంది, అంతే.

ఇంకొకటి నొక్కింది. అదీ లొట్టే. ఆ మొక్క కాయలన్నీ చిదిమి చూసి, పక్క సాలులో మరొకటి పీకింది. చేను ఆ చివరకు నడిచి అక్కడా పీకింది. ఎక్కడ చూసినా డొప్పలే. ఈపాటికి గింజ గట్టిపడి, ఆకు పసుపెక్కి, కోతకు రావలసిన పంట అది. ఆకులు మాత్రం నిన్న పుట్టినంత పచ్చగా ఉన్నాయి.

గట్టు మీద నుంచి హనుమక్క కేక వేసింది. "కాయ ఎట్ల ఉండాది పాపా?"

వనజాక్షి చేతిలోని డొప్పలను సంచిలోకి తోసేసింది. "ఇంకా ముదరలేదక్కా. కొన్నాళ్ళు ఆగాల."

అక్కతో ఆమె అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

కేంద్రానికి వచ్చీ రాగానే ప్రయోగశాలలో కూర్చుని ఆకును పొరలు పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కుండీల్లో పెంచిన మొక్కల్లో ఆ దారాలు ఒకటీ అరా కనిపించేవి. ఇక్కడ చాప నేసినట్టు కమ్ముకుని ఉన్నాయి. దారాల నిండా నూనె బొట్లు మెరుస్తున్నాయి. గింజలో ఉండాల్సిన నూనె అది.

కాయ ముదిరే వేళకు ఏ మొక్కైనా ఆకుల్లో దాచుకున్నదంతా గింజకు ఇచ్చేస్తుంది. ఇచ్చేసిన ఆకు పసుపెక్కి రాలిపోతుంది. ఆకు రాలితే లోపలి శిలీంధ్రానికి ఇల్లు పోయినట్టే. నీళ్ళున్నంతకాలం అది సర్దుకుపోయింది. పోయినేడు ఊళ్ళలో పంట పోయినా కేంద్రం దగ్గర మాత్రం వానలు బాగా పడ్డాయి, పరీక్షకు వేసిన మడిలో గింజ బాగా వచ్చింది. ఈ ఏడు నేల ఎండిపోగానే అది ఇంటి తలుపు వేసేసుకుంది. ఆకును ముసలిదవనివ్వలేదు, ఆకులో ఉన్నది కిందికి దిగనివ్వలేదు. బందారు చెట్టుకూ దానికీ కొన్ని వేల ఏళ్ళ పొత్తు. ఎవరి హద్దు ఎంతవరకో రెండింటికీ తెలుసు. వేరుశనగకు అది తెలియదు.

కేంద్రం డైరెక్టర్ విఠల్ రావు ఆమె చెప్పిందంతా కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని విన్నాడు. ఆయన పదవీ విరమణకు దగ్గరలో ఉన్నాడు. ఈ పని మీద వనజాక్షి కంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆయనే.

"గింజ తక్కువైందని చెబుదాం, వనజా. అసలే లేదని చెప్పొద్దు. సభ కానివ్వు. ఆ తర్వాత రైతులకు మనమే ఏదో ఒకటి చేద్దాం."

"సభకు వచ్చినవాళ్ళు చేను చూసి ఇరవై మండలాలకు విత్తనం ఇమ్మంటారు సార్."

"ఇప్పుడు నోరు విప్పితే మన కేంద్రం పేరు చెప్పిన విత్తనం ఇంకెవడూ ముట్టడు. మంచి విత్తనం ఇచ్చినా ముట్టడు. అది కూడా ఆలోచించు."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. వనజాక్షి లేచి బయటికి వచ్చింది.

కానీ ఆమెను తొలిచేస్తున్న భయం వేరే ఉంది. ఆకు బతికినన్నాళ్ళూ ఆ శిలీంధ్రం ఆకును దాటి బయటికి రాదు. చచ్చిపోతే? కొండమీద ఆ ప్రశ్న రాలేదు. బందారు ఆకు మీద జిగురు ఉంటుంది. ఎండి కింద పడినా ఆ జిగురు పూత చెక్కుచెదరదు, లోపలి దారాలు లోపలే మాడిపోతాయి. వేరుశనగ ఆకుకు జిగురు లేదు. ఆమె చేనునుంచి తెచ్చిన ఆకులను ఎండబెట్టి, తడిపిన అద్దుడు కాగితం మీద పరిచి, మూత ఉన్న గాజుపెట్టెలో పెట్టింది. అదే పెట్టెలో పక్కనే చిన్న చిన్న గిన్నెల్లో జొన్న, కొర్ర, కంది, చింత మొలకలు ఉంచింది.

మూడో రోజు పొద్దున ప్రయోగశాల తలుపు తీసేసరికి ఎండుటాకుల మీద కాటుక పూసినట్టు నల్లటి పొడి ఉంది. గాజుపెట్టె గోడలకూ అదే పొడి అంటుకుంది. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని మొలకల ఆకులను ఒక్కొక్కటే తీసి చూసింది. జొన్నలో దారం ఉంది. కొర్రలో ఉంది. కందిలో ఉంది. చింతలేతాకులో కూడా ఉంది.

అదే పొద్దున రేడియోలో వాతావరణ వార్త చెప్పారు. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోంది. రెండు మూడు రోజుల్లో రాయలసీమలో వానలు.

రెండు నెలలుగా జిల్లా అంతా ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. వనజాక్షి మాత్రం రేడియో కట్టేసింది. పీకి ఆరబెట్టిన వేరుశనగ మొక్కల కట్టె మీద ఒక్క మంచి వాన పడితే చాలు. నల్లపొడి లేస్తుంది. తర్వాత వీచే గాలి ఎటు తిప్పితే అటు. వానలు పడిన ఏడు ఎవరికీ ఏమీ తెలియదు. కరువు వచ్చిన ఏడు ఊళ్ళకు ఊళ్ళు పచ్చగా నిలబడి ఉంటాయి, ఒక్క గింజ ఉండదు. ఈ సీమకు కరువు రాని ఏళ్ళు ఎన్ని?

ఒక ఎండుటాకును చిన్న గాజుపళ్ళెంలో మూత బిగించి, విఠల్ రావు బల్ల మీద సూక్ష్మదర్శిని పక్కన పెట్టింది. ఆయన ఇంకా రాలేదు. ఆమె ఆగలేదు. ఇంకో పళ్ళెం సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

హనుమక్క ఇంటి ముందు జత ఎద్దులు గాటి దగ్గర నిలబడి కరకరమంటూ మేస్తున్నాయి. వాటి ముందు పచ్చదనం పోని వేరుశనగ కట్టె. వనజాక్షి ఒక పరక లాగి చూసింది.

"అక్కా, ఇది యాడిది?"

"పైన ఉండే చేని చెక్క పీకేసినాము గదా, సోమవారమే. ఎండబెట్టి వామి వేసినాడు మీ బావ." హనుమక్క చెల్లెలి మొహం చూసి ఆగింది. "ఏమైంది మే? కూసో ముందు. నీళ్ళు తాగు."

"అక్కా, కాయలో గింజ లేదు. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా."

హనుమక్క చెంబు కింద పెట్టింది.

"నాకు తెలుసు పాపా," అంది. "నువ్వు రాకముందే పీకి చూసినా. నువ్వు అంతమంది పెద్దోళ్ళ ముందర నిలబడి మాట్లాడాల గదా, నీ మనసు యాడ ఇరిగిపోతుందోనని నేనే నోరు మూసుకున్న్యా. గింజ పోతే పోనీ. రెండేండ్లనుంచీ పోతానే ఉండాది. ఈ తూరి మేతన్నా దక్కింది. ఎద్దుల్ని అమ్మకుండా నిలబెట్టుకుంటాము. అది చాల్లే."

వనజాక్షికి ఏడుపు వచ్చింది. అక్క ఓదార్పు అసలు విషయం చెప్పడాన్ని ఇంకా కష్టం చేసింది.

"అక్కా, ఆ మేత కూడా కాల్చేయాల."

వెనక నుంచి ఎర్రిస్వామి గొంతు వినిపించింది. హనుమక్క భర్త. చేతిలో కొడవలితో అప్పుడే పొలం నుంచి వచ్చాడు. "ఏమంటాండావు?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఎర్రిస్వామి కొడవలి కింద పడేశాడు.

"నువ్వు ఏయమంటే ఏసినాము. ఊళ్ళో నీ మొగం జూసి పదకొండు మంది ఏసినారు. కాయ లేదంటే సరే అనుకున్నాము. ఇప్పుడు గొడ్ల నోటికాడిది కాల్చమంటావా? మడిసివేనా నువ్వు?"

"బావా, వానొస్తాంది. వాన పడేలోపల..."

"వానొస్తే మంచిదే గదా!" అని అరిచాడతను. "వాన కోసరం కండ్లు కాయలు కాసి ఉంటే, వానకు భయపడమంటాదే ఈయమ్మ!"

మర్నాడు పొద్దున సభ కోసం వేసిన షామియానా కింద పన్నెండు కుటుంబాలూ కూర్చున్నాయి. పిలిచింది హనుమక్క. భర్త వద్దన్నా వినలేదు. చెల్లెలు చెప్పేది ఊరు వినాలి, విన్నాక ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం అంది. తూర్పున ఆకాశం అంచు మసకేసి ఉంది.

వనజాక్షి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. తన మందు తప్పిందని, పరీక్ష ఇంకో ఏడు చేసి ఉండాల్సిందని, తొందరపడింది తానేనని చెప్పింది. గాజుపళ్ళెం అందరికీ చూపించింది, మూత మాత్రం తీయొద్దంది. పళ్ళెం చేతులు మారుతూ వెళ్ళింది. నల్లపొడిని చూసి ఎవరూ పెద్దగా బెదరలేదు.

కుళ్ళాయప్ప అనే నడివయసు రైతు లేచాడు. వనజమ్మ మందు మీద ఊళ్ళో అందరికంటే ముందు నమ్మకం పెట్టుకున్నవాడు అతను. "అంటే ఈ పొడి పోయి నా కంది మీద పడితే, కంది గూడ ఎండిపోకుండా ఇట్లే పచ్చగా ఉంటాది. అంతే గదమ్మా? మంచిదే గదా?"

కొందరు నవ్వారు. కొందరు తలలూపారు.

"పచ్చగా ఉంటాదన్నా. నిజమే," అంది వనజాక్షి. "కంది ఉంటాది, జొన్న ఉంటాది, చింతచెట్టు ఉంటాది. ఏదీ ఎండదు. కరువులో చూసేదానికి కండ్ల పండగగా ఉంటాది. కంకి వొలిస్తే ఉత్త పొట్టు. ఒక్క ఊరి కంకి కాదు, అన్ని ఊర్లదీ. పోయినేడు మీకు పంట పోయింది, పక్క జిల్లా నుంచి విత్తనం తెచ్చుకున్నారు. అక్కడ కూడా లేకపోతే యాడ తెస్తారు? ఏం విత్తుతారు?"

నవ్వులు ఆగిపోయాయి.

"నీ మాట ఎట్ల నమ్మేది?" అన్నాడు ఎర్రిస్వామి కూర్చున్నచోటి నుంచే. గొంతులో నిన్నటి కోపం లేదు. భయం ఉంది. "అప్పుడు నమ్మినాము. ఇప్పుడు నమ్మాల్నా?"

వనజాక్షి ఉన్న నిజం చెప్పింది. "ఇంకో సంవత్సరం ఆగితే మీకే కనబడుతుంది బావా. కానీ అప్పటికి కాల్చేదానికి ఏమీ ఉండదు. ఊళ్ళన్నీ కాల్చలేం గదా."

హనుమక్క లేచింది. "అదంతా కాదు పాపా. ఒక్కటి చెప్పు. కాల్చినాక మా గొడ్లకు ఏం పెట్టాల?"

అందరూ ఆమె వైపు తిరిగారు. అసలు అడగవలసింది అదే.

కేంద్రంలో జొన్నచొప్ప నిల్వ ఉంది. పశువుల మేత పరిశోధన కోసం గోదాములో పేర్చినది. దాన్ని ఇచ్చే అధికారం వనజాక్షికి లేదు. ఆమె ఫోన్ తీసి అందరి ముందే విఠల్ రావుకు చేసింది. గంట మోగుతూనే ఉంది. అది ఆగిపోతుందనుకున్న సమయంలో ఆయన ఎత్తాడు.

"సార్, నేను కొండమారుపల్లెలో ఉన్నాను. ఊరంతా కూర్చుని ఉంది. అంతా చెప్పేశాను."

షామియానా గుడ్డ గాలికి టపటప కొట్టుకుంది.

"నువ్వు పెట్టిపోయిన పళ్ళెం చూశాను," అన్నాడు విఠల్ రావు. ఆయన గొంతు ఒక్క రోజులో ముసలిదైపోయినట్టుంది. "నా కిటికీలో ఉన్న మొక్క ఆకు కోసి, ఆ పొడి రాసి, పొద్దున చూశాను. పట్టింది. నాకు నిద్ర లేదమ్మా."

"సార్, వీళ్ళకు మేత కావాలి."

అవతల తాళంచెవులు గలగలమన్నాయి.

"లారీలు పంపిస్తాను. గోదాము తాళం నా దగ్గరే ఉంది. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. సభ లేదని కూడా నేనే చెబుతాను. నువ్వు మాత్రం ఒక్క పరక మిగలనివ్వకు."

ఆమె ఫోన్ దించి ఆయన మాటలు చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుళ్ళాయప్ప ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని, "లారీ ఊళ్ళోకి వచ్చినాక నిప్పు పెడతాము. అంతకు ముందర కాదు," అన్నాడు. అందుకు అందరూ ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నమంతా ఊరు చేలల్లో ఉంది. నిలబడి ఉన్న మొక్కలు పీకి ఎండలో పరిచారు. ఎండినవి వామి నుంచి లాగి మధ్యలో పోశారు. మర్నాడు పొద్దెక్కాక మొదటి లారీ వచ్చింది. చొప్ప కట్టలు దిగుతుండగా హనుమక్క తన చేలో పోగుకు అగ్గిపుల్ల గీసింది. పక్క చేలో కుళ్ళాయప్ప, ఆ పక్కన ఇంకొకరు. పచ్చి కట్టె చిటపటలాడి, తెల్లటి పొగ కక్కి, ఆ తర్వాత ఒక్కసారిగా అంటుకుంది. వేయించిన ఆకు వాసన ఊరంతా కమ్మింది.

ఆ వాసనకు ఎద్దులు పగ్గాలు తెంచుకోబోయాయి. వాటికి అది మేత వాసన. మెడలు సాచి మంటవైపు లాగుతుంటే ఎర్రిస్వామి రెండు పగ్గాలూ నడుముకు చుట్టుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి నిలబడ్డాడు. అతని చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మంట తగ్గుముఖం పట్టాక అతనే వనజాక్షి దగ్గరికి వచ్చాడు. ఆమె మొహం చూడకుండా నేలకేసి చూస్తూ అన్నాడు. "ఒక బండెడు కట్టె ఈడ లేదు. బుధవారం మా తిమ్మక్కకు తోలిచ్చినా. బసాపురానికి."

తిమ్మక్క అతని సొంత అక్క, అప్ప అని పిలుస్తాడు. భర్త పోయాక రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతుకుతోంది.

"యాడ వేసినారు? ఇంట్లోనా, బయటా?"

"బయటే. యాపచెట్టు కింద."

తూర్పు నుంచి చల్లగాలి మొదలైంది. ఎర్రిస్వామి మోటార్ సైకిల్ వెనక వనజాక్షి కూర్చుంది. మబ్బు వాళ్ళ కంటే వేగంగా వస్తోంది. బసాపురం పొలిమేరలో మొదటి చినుకు ఆమె చేతి మీద పడింది. రెండు నెలల తర్వాత పడిన చినుకు. దారి పక్క పిల్లలు కేకలు వేస్తూ మొహాలు పైకెత్తి నిలబడ్డారు. ఆమె చేతి మీది తడిని చీరకు తుడిచేసుకుంది.

తిమ్మక్క వాకిట్లో వేపచెట్టు కింద వామి నిలువెత్తున ఉంది. ఎర్రిస్వామి బండి దిగుతూనే కట్టె లాగి బయటికి విసరడం మొదలుపెట్టాడు. తిమ్మక్క పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమిరా ఇది? ఇచ్చింది నువ్వే, లాక్కునేది నువ్వే? నా బర్రె ఈననీక ఉండాదిరా!"

"అప్పా, ఇది ఇసం. గొడ్లకు గాదు, బూమికి ఇసం. తర్వాత తిట్టు. ముందర కాలనీ."

వనజాక్షి పోగుకు నిప్పు పెట్టింది. పొడి కట్టె భగ్గుమంది. కానీ చినుకులు చిక్కబడుతున్నాయి. సగం వామి ఇంకా చెట్టు కిందే ఉంది. అది తడిస్తే ఇక కాలదు. ఇక్కడే కుళ్ళుతుంది, నల్లబడుతుంది.

"వదినా, కప్పేదానికి ఏమన్నా ఉందా? పట్ట, గోతాలు, ఏదైనా!"

తిమ్మక్క ఒక్క క్షణం తమ్ముడి మొహం చూసింది. వాడు పెద్దయ్యాక ఏడవగా చూడడం ఆమెకు అదే మొదలు. ఇంకేమీ అడగలేదు. బర్రెల కొట్టం మీద పరిచిన పెద్ద టార్పాలిన్ పట్టను పట్టుకుని లాగింది. పైన పెట్టిన రాళ్ళు దొర్లి పడ్డాయి. ముగ్గురూ కలిసి మిగిలిన వామిని కప్పి, అంచుల మీద ఆ రాళ్ళే పెట్టారు. కప్పు పోయిన కొట్టంలో చూలుబర్రె వానలో తడుస్తూ నిలబడి అరిచింది.

వాన రెండు రోజులు కురిసింది. జిల్లా అంతా పండగ చేసుకుంది. వనజాక్షి ఆ రెండు రోజులూ తిమ్మక్క ఇంట్లోనే ఉండి, గంటకోసారి పట్ట అంచులు చూసుకుంటూ గడిపింది. ఎండ రాగానే మిగిలినదంతా కాల్చారు. ఒక మూల, చెట్టు మొదలు వైపు, పిడికెడు కట్టె తడిసి నల్లబడి ఉంది. దాన్ని మట్టితో సహా తవ్వి, కిరసనాయిలు పోసి కాల్చింది. అప్పటికే ఆలస్యమైందేమో ఆమెకు తెలియదు.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. విఠల్ రావును విరమణకు ముందే పక్కకు తప్పించారు. వనజాక్షి మీద విచారణ నడిచింది. ఆమె అన్ని ప్రశ్నలకూ అవునని చెప్పింది, ఎవరి మీదా నెట్టలేదు. ఆమెను పొలం పనులనుంచి తీసేసి, ఆ శిలీంధ్రం ఎక్కడెక్కడికి పోయిందో వెతికే పని ఒక్కటే మిగిల్చారు. కేంద్రం పంపిన చొప్ప కార్తీకం దాకా వచ్చింది. తర్వాత ఎర్రిస్వామి ఎద్దులను అమ్మేసి బెంగళూరులో కట్టడం పనికి వెళ్ళాడు. తిమ్మక్క బర్రెకు పుట్టిన దూడ బతకలేదు. హనుమక్క చెల్లెలితో మాట్లాడడం మానలేదు గానీ, మాటల్లో మునుపటి చనువు లేదు. ఫోన్ చేస్తే తిన్నావా అని అడిగి పెట్టేసేది.

వనజాక్షి చలికాలమంతా ఊరూరా తిరిగి ఆకులు కోసుకొచ్చింది. కొన్ని ఊళ్ళలో ఆమెను చేలోకి రానివ్వలేదు. గట్టు మీద నిలబడి చేయి చాచి అందినవి కోసుకుంది. ప్రతి ఆకునూ కోసి చూసింది. కొండమారుపల్లె కందిలో ఏమీ లేదు. చుట్టుపక్కల జొన్నలో లేదు. బసాపురంలో తిమ్మక్క వేపచెట్టు ఆకులు తెచ్చిన రోజు మాత్రం ఆమె సూక్ష్మదర్శిని ముందునుంచి లేవలేకపోయింది. వామి ఉన్న వైపుకు వంగిన కొమ్మలో దారాలున్నాయి.

ఆ కొమ్మను మొదలంటా నరికించి, అక్కడే కాల్పించింది. మిగిలిన అన్ని కొమ్మల ఆకులూ కోసి చూసింది. కనబడలేదు. కనబడనంత మాత్రాన లేదని చెప్పలేనిది అది. చెట్టునే కొట్టేయాలా అని పైవాళ్ళు అడిగారు. వేప ఆకు రాల్చే కాలం దాకా ఆగుదామంది ఆమె. లోపల అది ఉంటే చెట్టు ఆకు రాల్చదు.

మాఘం వెళ్ళింది. ఊళ్ళలో వేపచెట్లు ఒక్కొక్కటే పసుపెక్కి బోసిపోతున్నాయి. తిమ్మక్క చెట్టు మాత్రం పచ్చగా ఉంది. వారానికోసారి వెళ్ళి చూసి వచ్చేది వనజాక్షి. పచ్చగానే ఉంది. బసాపురం జనం ఆ చెట్టు కింద నీడకు కూర్చుని, ఎంత బాగుందో అనుకునేవాళ్ళు. ఆ మాట విన్నాక ఆమె చెట్టు కొట్టేవాళ్ళతో మాట్లాడి పెట్టుకుంది.

వాళ్ళు రావలసిన రోజు పొద్దున తిమ్మక్క దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ తానుగా చేసింది లేదు.

"ఏం మే వనజా, మీ మడుసులు వస్తాండారా లేదా? వస్తే రెండు పొరకలు తెమ్మను. పొద్దున్నించి ఊడుస్తానే ఉండా. ఊడ్సినంతసేపు పట్టదు, మళ్ళా అంతే రాల్తాంది. నడుం పడిపోయింది."

"ఏం రాలుతాంది వదినా?"

"ఆకు మే, ఇంకేంటిది? వాకిలంతా ఆకే!"

తిమ్మక్క రెండుసార్లు పలకరించి, లైను తెగిపోయిందనుకుని పెట్టేసింది.

ఆమె చెట్టు కొట్టేవాళ్ళకు రావద్దని చెప్పి, కొండమారుపల్లె మీదుగా బసాపురం బయలుదేరింది. హనుమక్క తన ఊళ్ళో బస్సెక్కింది. తిమ్మక్క ఆమెకూ ఫోన్ చేసింది. పక్కపక్కనే కూర్చున్నారు.

తిమ్మక్క వాకిట్లో చీపురు గోడకు ఆనించి ఉంది. చెట్టు మీద సగం పైన పసుపు. గాలి వీచిన ప్రతిసారీ ఆకులు తిరుగుతూ దిగి నేలను కప్పుతున్నాయి. వనజాక్షి ఒక దోసెడు ఎత్తి చూసింది. ఎండి, తేలికై, ఇవ్వవలసింది ఇచ్చేసిన ఆకులు. ఒకటి విరిచింది. పుటుక్కున విరిగింది.

"కోసి చూడవా?" అంది హనుమక్క.

"చూస్తా. రేపు చూస్తా."

తిమ్మక్క లోపలినుంచి వచ్చి ఆ చీపురు మళ్ళీ చేతికి తీసుకుంది. హనుమక్క ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుని కింద పడేసింది.

"ఈ పొద్దుకు ఊడ్సొద్దులే వదినా. ఉండనీ." చెల్లెలి భుజం మీద పడిన ఆకును తీసేయబోయి, తీయకుండా చెయ్యి అక్కడే ఉంచింది. "పాపా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

లేదని తల ఊపింది వనజాక్షి.

"దా," అని హనుమక్క ఆమె చెయ్యి పట్టుకుని, ఆకుల మీదుగా లోపలికి నడిపించింది.